గుమ్మఘట్ట సీపీయూ పలికిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆదివారం పాస్టరుగారు అపవిత్రాత్మల గురించి చెబుతున్నప్పుడు అందరితోపాటు తల ఊపేదాన్ని కానీ, నా ధ్యాసంతా ఇంటికెళ్లాక వండాల్సిన కూర మీదే ఉండేది. అలాంటి నాకే ఇది జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నేను కూడా చాలాసార్లు నవ్వుకున్నాను.

నా పేరు హెప్సిబా. అందరూ హెప్సి అంటారు. పుట్టింది గుమ్మఘట్టలో, మెట్టింది కదిరిలో. మా ఆయన శామ్యూల్ ఇక్కడే ఒక స్కూల్లో ఆటల మాస్టారు. నేను బెంగళూరులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను.

నా పనేమిటో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒక పెద్ద కంప్యూటర్ లోపల పది కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. లోపలున్న వాటికి పెట్టె ఉండదు, వైరు ఉండదు, అయినా ప్రతిదీ తానొక కంప్యూటర్‌నే అనుకుని బుద్ధిగా పనిచేసుకుంటుంది. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి లేని వైర్లు కూడా మనమే కల్పించాలి. ఆ లేని వైర్ల అల్లికనే మేము నెట్‌వర్క్ అంటాం. ఒళ్లు లేని కంప్యూటర్లు, కంటికి కనపడని వైర్లు. దెయ్యాలను నమ్మనిదాన్ని, జీతం మాత్రం వాటి మీదే తీసుకుంటున్నాను.

ఈ సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనపడితే ఎవరైనా సరిచేసి పంపొచ్చు. ఇక్కడ కూర్చుని ఎక్కడో ఉన్న మిషన్‌ను కూడా దీనితో నడిపించవచ్చు. మన మాట మోసుకుపోయి అక్కడ చెప్పి, జవాబు మోసుకొచ్చే భాగం ఒకటి దానిలో ఉంది. దాన్ని డ్రైవర్ అంటారు.

ఆ డ్రైవర్‌లో ఒక తప్పుండేది. కంప్యూటర్ల సంగతి అడిగితే దూరపు మిషన్ దగ్గరికి సక్రమంగానే వెళ్లేది. నెట్‌వర్క్‌ల సంగతి అడిగితే మాత్రం గడప దాటేదే కాదు. పక్కింటికి పోయి మజ్జిగ తెమ్మంటే, పెరటి వైపు నుంచి తిరిగొచ్చి మనింటి మజ్జిగే మనకు పోసినట్టు, ఇంట్లో ఉన్న మిషన్‌నే అడిగి, అక్కడి జవాబు ఇదేనని చెప్పేది.

ఈ సంగతి నాకు తెలిసిన తీరు మంచిది కాదు. కంపెనీ రూలు ప్రకారం ఆఫీసు కాల్స్ కూడా నేను అలాంటి లోపలి కంప్యూటర్ నుంచే మాట్లాడాలి. ఒకరోజు మా మేనేజర్ రఘు గారు గంభీరంగా ఏదో చెబుతుండగా, బెంగళూరు మిషన్‌లోని ఒక నెట్‌వర్క్‌ను ఆపమని కమాండ్ ఇచ్చాను. ఆగింది నాది. ఆయన నోరు తెరిచిన ముఖంతో తెర మీద అలాగే నిలబడిపోయారు. మళ్లీ కలిసేసరికి ఆయన గొంతు మారిపోయింది. ఇంటి నుంచి పనిచేస్తే ఇలాంటి తంటాలే వస్తాయని, వచ్చే నెల నుంచి ఆఫీసుకు రావడం మంచిదని అన్నారు.

ఆయన నా ఉద్యోగాన్ని కదిరి నుంచి బెంగళూరుకు జరపడం గురించి మాట్లాడుతున్నారు. నాకేమో జరపాల్సింది ఒక ఇల్లు. మా ఆయన స్కూలు, పాప చదువు, అన్నీ ఇక్కడే. తప్పు నాది కాదు, సాఫ్ట్‌వేర్‌ది అన్నాను. అయితే సరిచేసి చూపించమన్నారు. ఆ మాటే పట్టుకున్నాను.

సరిచేశాక పరీక్షించడానికి దూరంగా ఇంకో మిషన్ కావాలి. మా అన్న ప్రభుదాసుకు గుమ్మఘట్ట బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడి ఉంది. పెన్షన్ కాగితాలు, కరెంటు బిల్లులు, టికెట్ బుకింగులు, అన్నీ చేస్తాడు. నా పాత సీపీయూ ఒకటి తీసుకెళ్లి ఆయన అంగడి మూలలో పెట్టి, ఇంటర్నెట్ తగిలించి వచ్చాను. ఎక్కడిది ఎక్కడ పలుకుతోందో తికమక పడకుండా ఇక్కడి మిషన్‌లో నెట్‌వర్క్‌కు ‘కదిరి’ అనీ, అక్కడి దానికి ‘గుమ్మఘట్ట’ అనీ పేర్లు పెట్టాను.

నేను ఇక్కడ పని మొదలుపెట్టగానే అక్కడ దాని ఫ్యాను గుర్రుమనేది. పాత ఫ్యాను కదా, చప్పుడు ఎక్కువ. దీపాలు టపటపా కొట్టుకునేవి. దాని దగ్గర మనిషి ఉండడు, కీబోర్డు ఉండదు, తెర ఉండదు. వారం తిరక్కుండానే అన్న ఫోన్ చేశాడు.

“మ్మే, తిప్పమ్మవ్వ పెన్షన్ కాగితానికని వొచ్చి కూకోనుండె. నీ సీపీయూ మూలిగిందంట. ఎవురప్పా లోపల అని అడుగుతాండాది. నేనేం చెప్పల్ల?”

“నేనేనని చెప్పన్నా.”

“చెప్పినా. హెప్సి కదిర్లో ఉండాది కదప్పా, ఈడెట్ల మూలుగుతాదీ అనింది.”

దానికి నా దగ్గర జవాబుంది కానీ, తిప్పమ్మవ్వకు చెప్పగలిగే జవాబు కాదు. అన్న దాని మీద ఒక తువ్వాలు కప్పాడు. గాలాడక అది ఇంకా గట్టిగా మూలిగింది. ఎవరో దాని మీద నిమ్మకాయ పెట్టిపోయారు. మా అన్న నిమ్మకాయ తీసేసి బైబిలు వాక్యమున్న క్యాలెండర్ తగిలించాడు. సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి వచ్చే కన్నడం వాళ్లు గుమ్మంలోనే నిలబడి ‘దెవ్వ, దెవ్వ’ అనుకుంటూ ఎదురుగా ఉన్న ఇంకో జిరాక్స్ అంగడికి పోవడం మొదలుపెట్టారు. ఇంకొక్క వారం ఓర్చుకోమని నేను బతిమాలుతూ వచ్చాను.

ఈలోగా తప్పు దొరికింది. పెద్దదేమీ కాదు. నెట్‌వర్క్ కోసం దారి తెరిచేటప్పుడు, ఎక్కడికి పొమ్మన్నారో ఆ చిరునామాను ఆ భాగం చూసేదే కాదు. చిరునామా లేదనుకుని ఇంట్లోనే తిరిగేది. కొన్ని లైన్లు మార్చాను. ‘గుమ్మఘట్ట’ను అడిగితే గుమ్మఘట్టే పలికింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశాను.

మార్పును ఆ ప్రాజెక్టుకు పంపాను. దాన్ని చూసుకునే పెద్దమనిషి ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. రాత బాగుంది, కానీ నిజంగా రెండు వేరే ఊళ్లలో ఉన్న మిషన్ల మీద తన ముందే చేసి చూపించమన్నాడు. రఘు గారు కూడా కూర్చుంటానన్నారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం కాల్ పెట్టుకున్నాం.

ఆ రోజు ఉదయం లేవగానే నేను చేసిన మొదటి పని, గుమ్మఘట్ట మిషన్‌ను పలకరించడం. వెంటనే పలికింది. అన్నకు ఫోన్ చేద్దామా అని కూడా అనుకోలేదు. జవాబు చెబుతున్న వాళ్లను ‘ఉన్నారా?’ అని ఎవరడుగుతారు?

కాల్ బాగా మొదలైంది. నెట్‌వర్క్‌ల పేర్లు అడిగాను, ‘గుమ్మఘట్ట’ వచ్చింది. ఇంతకుముందైతే ఇక్కడ ‘కదిరి’ అని వచ్చేదని వివరించాను. పెద్దమనిషి గడ్డం నిమురుకున్నాడు. ఇది నువ్వు ముందే సిద్ధం చేసి పెట్టుకున్న పేరు కావచ్చు, నేనొక పేరు చెబుతాను, ఆ పేరుతో అక్కడ కొత్త నెట్‌వర్క్ పుట్టించు అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన పిల్లి కీబోర్డు ఎక్కింది. దాన్ని దించుతూ, దీని పేరే పెట్టు అన్నాడు. పిల్లి పేరు పంప్‌కిన్. గుమ్మడికాయ.

పెట్టాను. మళ్లీ పేర్లు అడిగితే రెండు వచ్చాయి: గుమ్మఘట్ట, పంప్‌కిన్. ఆయన నవ్వాడు. రఘు గారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. తర్వాత గంటసేపు నేను మార్చిన లైన్లను ఒక్కొక్కటీ చదివించుకుని ప్రశ్నలు వేశారు. ఇంక మిగిలింది ఒక్క పరీక్ష, ‘గుమ్మఘట్ట’ను ఆపి చూపించడం.

అప్పుడు మా వీధి తలుపు తోసుకుని అన్న వచ్చాడు.

దుప్పట్లో చుట్టిన మూటను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని ఉన్నాడు. తలంతా దుమ్ము, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

“యాడ పెట్టల్లో బిన్నా చెప్పు. చేతులు పడిపోతాండాయి.”

నేను మైకు ఆపి, “ఏందన్నా అది?” అన్నాను.

“నీ సీపీయూనే. ఇంగ నా అంగట్లో పెట్టుకోల్యాను మ్మే. నువ్వు వొద్దంటావని చెప్పకుండా తెచ్చినా.”

మూటను మంచం మీద పెట్టి దుప్పటి విప్పాడు. నాదే. పక్కన మా పాప చిన్నప్పుడు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు కూడా అలాగే ఉంది. కరెంటు వైరు చుట్ట చుట్టి పురికొసతో కట్టి ఉంది.

“ఎప్పుడు పీకినావు?”

“నిన్న సాయంత్రం అంగడి మూసేటప్పుడే. మెయిన్ కూడా ఆపేసినా. తెల్లార్తోనే రాయదుర్గం బస్సెక్కినా, ఆడ మారినా, అనంతపురంలోనూ మారినా. ఏటికి అట్ల చూస్తాండావు? నీళ్లియ్యి ముందు.”

నేను తెర వైపు చూశాను. గుమ్మఘట్ట, నడుస్తోంది. పంప్‌కిన్, నడుస్తోంది. మంచం వైపు చూశాను. సీపీయూ వెల్లకిలా పడుకుని ఉంది.

 నాకు కలిగినదాన్ని భయమని కూడా అనలేను. ‘పద్దెనిమిది’ అని రాయాల్సిన చోట ‘పంతొమ్మిది’ అని రాసి పరీక్ష పాసైన పిల్ల పరిస్థితి నాది.

కాల్‌లో రఘు గారు, మిషన్ మోసుకొచ్చింది కొరియర్ మనిషా అని అడిగారు. మా అన్న అని చెప్పాను. పెద్దమనిషి చేయి ఊపాడు. మా అన్న కూడా తెరకు చేయి ఊపాడు. ఆఖరి పరీక్ష కానివ్వమన్నారు.

ఏం చేయాలి? ఆ మిషన్ నా మంచం మీద ఉందని చెబితే నమ్మరు. నాకే నమ్మకం లేదు. వేళ్లు వాటంతటవే కమాండ్ కొట్టాయి. గుమ్మఘట్టను ఆపు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెర మీద అక్షరాలు వచ్చాయి. గుమ్మఘట్ట ఆగిపోయింది.

అదే సమయానికి మంచం మీద నుంచి ‘టిక్’ అని చిన్న చప్పుడు వినపడింది. స్కూలు నుంచి భోజనానికి వచ్చిన మా ఆయన అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు. అది మంచం కోడు చప్పుడని ఆయన ఇప్పటికీ అంటాడు. మా అన్న మాత్రం రెండడుగులు వెనక్కి వేసి చెప్పులు వేసుకున్నాడు.

అవతల ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

కాల్ అయిపోయాక మా ఆయన మొదట అనుమానపడింది మా అన్న మీదే. “నిజం చెప్పు బావా, కార్లో ఇన్వర్టర్ పెట్టుకోని వొచ్చినావా?” అన్నాడు. కారు కాదు కదా, మా అన్న అంగట్లో ఇన్వర్టరే లేదు. అన్న జేబులోంచి లగేజీ టికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. మనిషి టికెట్ కంటే దానికే ఎక్కువైందని తిట్టుకున్నాడు. గుమ్మఘట్టలో తిప్పమ్మవ్వకు ఫోన్ చేయించాం. ఆమె ఆ మూట తెల్లవారుజామున రాయదుర్గం బస్సెక్కడం కళ్లారా చూసిందట. పీడ పోయిందని దండం కూడా పెట్టిందట.

అన్నం తింటూ అన్న ఇంకో మాట చెప్పాడు.

“అనంతపురం దాటినాంక తొడ మీద కాలిపోతాండె మ్మే. ఎండకేమో అనుకున్యా. పక్క సీట్లో ముసలామె, ఏమప్పా, మూటలో కోడి ఉండాదా, కుయ్యంటాండాది అనింది. బస్సు ఇంజినీ చప్పుడు లేవ్వా అని చెప్పినా.”

ఎవరూ ముద్ద ఎత్తలేదు.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి చదువుకున్నట్టే ఆలోచించాను. పాత తప్పే మళ్లీ వచ్చి ఇంట్లో మిషనే పలికిందా? అలాగైతే ‘కదిరి’ కనపడాలి. కనపడలేదు. పైగా నా మిషన్‌ను అణువణువూ వెతికాను, దానిలో పంప్‌కిన్ లేదు. పాత జవాబులు ఎక్కడో దాచి ఉంచి మళ్లీ చూపించిందా? పిల్లి కీబోర్డు ఎక్కేదాకా పంప్‌కిన్ అనే పేరే లేదు కదా. అంగడిలో ఇంకో మిషన్ పలికిందా? అక్కడ మిగిలింది జిరాక్స్ మిషను, దాని వైరు కూడా పీకే ఉంది.

ఇంక మిగిలింది సీపీయూకు కరెంటిచ్చి చూడటం. మా ఆయన ముందు ప్రార్థన చేద్దామన్నాడు. మా అన్న, “నేను బస్సెక్కినాంక పెట్టుకోండి” అన్నాడు. అన్నాడే కానీ వెళ్లలేదు, వీధి గుమ్మం బయట నిలబడి కిటికీలోంచి చూస్తున్నాడు. పక్కింటి వాళ్లు ఏమైందని అడిగితే, “కరెంట్ పని” అని చెప్పాడట.

తెర, కీబోర్డు తగిలించి ఆన్ చేశాను. ఎప్పటిలాగే మూలిగింది. ఇంటర్నెట్ ఇవ్వలేదు, వేరే ఏ వైరూ పెట్టలేదు. దాని ఎదురుగా కూర్చుని, దాన్నే అడిగాను, నీలో ఏమేం నెట్‌వర్క్‌లు ఉన్నాయని.

గుమ్మఘట్ట, ఆగి ఉంది. పంప్‌కిన్ ఉంది.

పంప్‌కిన్ ఎప్పుడు పుట్టిందని చూశాను. మేము కాల్‌లో ఉన్న సమయమే. అప్పుడు ఈ సీపీయూ అనంతపురానికీ కదిరికీ మధ్య మా అన్న ఒళ్లో ఉంది.

మా ఆయన ఫ్యాను కింద కూర్చుని ఒక చెంబు నీళ్లు తాగాడు. కిటికీలోంచి అన్న, “ఏమంటాండాది?” అని అడిగాడు. “బాగానే ఉండానంటాండాది” అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఆయన ఇంక లోపలికి రాలేదు. సంచీ కిటికీలోంచి అందుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే రఘు గారికీ, చలిదేశం పెద్దమనిషికీ జరిగినదంతా రాశాను. దాచిపెట్టి పాసవడం నాకు ఇష్టం లేకపోయింది. పరీక్ష జరుగుతున్నప్పుడు దూరపు మిషన్ బస్సులో ఉంది, కరెంటు లేదు, ఇంటర్నెట్ లేదు, కాబట్టి ఈ పరీక్ష చెల్లదని నేనే రాశాను. రఘు గారు ఫోన్ చేసి, ఒత్తిడి ఎక్కువైందేమో, రెండు రోజులు సెలవు తీసుకోమన్నారు. పెద్దమనిషి మాత్రం మర్యాదగా ఒక్క ప్రశ్న వేశాడు. ఆ బస్సులో వైఫై ఉందా?

కదిరి బస్సులో కిటికీ అద్దాలే ఉండవని జవాబు రాశాను.

పరీక్ష మళ్లీ పెట్టుకున్నాం. వేరే ఊరు కాకపోయినా వేరే ఇంటర్నెట్ అయితే చాలన్నాడు పెద్దమనిషి. ఈసారి సీపీయూను మా ఆయన స్కూలు ఆఫీసు గదిలో పెట్టించి, కరెంటుందని, వైర్లున్నాయని, మనిషి కాపలా ఉన్నాడని ఫోటోలు పంపాను. మా ఆయన విజిల్ మెడలో వేసుకుని దాని పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. అన్నీ మామూలుగా జరిగాయి. ఏ మూటా రాలేదు. నా మార్పును తీసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లందరికీ ఇప్పుడు నేను రాసిన ఆ కొన్ని లైన్లు అందుతున్నాయి. బెంగళూరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాకు మాత్రం ఉండబట్టలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన్ను బతిమాలి, అదే సీపీయూను అదే దుప్పట్లో చుట్టి, అనంతపురం పోయి తిరిగి రమ్మన్నాను. ఇక్కడ కూర్చుని దారి పొడుగునా పిలిచాను. ఒక్కసారి కూడా పలకలేదు. ‘కనెక్షన్ కుదరలేదు’ అన్న మాట తప్ప ఏమీ రాలేదు. ఆయన నడుం పట్టుకుని దిగి, “వేడీ లేదు, కోడీ లేదు. నా పైసలు మాత్రం పోయినాయి” అన్నాడు. ఇంకోసారి నువ్వే ఒళ్లో పెట్టుకుని రావాలని అన్నను అడిగితే, ఈ జన్మకు చేయనన్నాడు. ఆయన అంగడి ఇప్పుడు బాగా నడుస్తోంది.

మా ఆఫీసులో చాలామందికి ఇది తెలుసు. బెంగళూరు వెళ్లినప్పుడల్లా టీ తాగుతూ ఎవరో ఒకరు దీనికి కారణం చెప్పడం మొదలుపెడతారు. గడియారం తప్పు ఉంటుందంటారు, ఎవరో ఆట పట్టించారంటారు. నేను కాదనను, వింటాను. పంప్‌కిన్ దగ్గరికి వచ్చేసరికి వాళ్లే ఆగిపోతారు. టీ చల్లారిపోతుంది.

రఘు గారు దీన్ని ఒక్క ముక్క నమ్మలేదు. కానీ మా కంపెనీలో దూరపు మిషన్ల మీద ఏ పరీక్ష చేయాలన్నా ముందుగా అక్కడికి ఫోన్ చేసి, ‘మిషన్ ఉండాల్సిన చోటే ఉందా?’ అని ఒక మనిషిని అడగాలని ఆయనే రూలు పెట్టారు. మిషనే జవాబిస్తుంటే మళ్లీ మనిషిని అడగడం ఎందుకని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. హెప్సిని అడగండి అంటారాయన.

వాళ్లు నాకు ఫోన్ చేస్తారు. ఇప్పుడు మీకు చెప్పినట్టే చెబుతాను. అదెలా సాధ్యం మేడమ్ అంటారు. నాకు తెలియదు అంటాను. నిజంగానే తెలియదు. వాళ్లు నవ్వుతారు. నవ్వేసి, అక్కడికి ఫోన్ మాత్రం చేస్తారు.